ఒంటరిగా జలపాతానికి: చేయవలసినవి, చేయకూడనివి

మా రెడ్డిగూడెం చుట్టూ మామిడి తోటలున్నాయి, చెరువులున్నాయి, మైలవరం వైపు చిన్న చిన్న కొండలూ ఉన్నాయి. ఏడాదంతా దూకే జలపాతం మాత్రం లేదు. అందుకే నాలుగు వానలు కురిశాయో లేదో కుర్రకారు చూపు దూరపు కొండల మీద పడుతుంది. ఒకరు మారేడుమిల్లి అంటారు, ఇంకొకరు బొగత అంటారు. వస్తామన్న వాళ్లలో ఒకరికి డ్యూటీ పడుతుంది, ఇంకొకరికి ఇంట్లో పని తగులుతుంది. చివరికి మిగిలిన ఒక్కరు బండి తీసి బయల్దేరతారు.

ఒక్కరే వెళ్లడం తప్పు కాదు. గుంపుతో వెళితే వినపడని అడవి చప్పుళ్లు ఒక్కరే నడుస్తుంటే వినపడతాయి. కాకపోతే నలుగురిలో ఉన్నప్పుడు కాలు మడత పడితే భుజం పట్టుకునే మనిషి ఉంటాడు. ఒంటరిగా ఉన్నప్పుడు అదే కాలు రాత్రంతా అడవిలో ఉంచేస్తుంది. నీళ్లలోకి దిగబోతుంటే ‘వద్దురా’ అని చెయ్యి పట్టి లాగేవాళ్లుండరు. ఆ రెండో మనిషి చేసే పనులన్నీ ఇల్లు కదలక ముందే మనం ఏర్పాటు చేసుకోవాలి. కింద రాసినదంతా దాని గురించే.

ఎక్కడికి, ఎప్పుడు

మన వైపు నుంచి మారేడుమిల్లికైనా బొగతకైనా రెండు వందల కిలోమీటర్ల పైమాటే. పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి చేరదామనుకుంటే అలసిపోయిన ఒళ్లుతో ఘాట్ రోడ్డు మీదా హైవే మీదా చీకట్లో తోలాలి. జలపాతం దగ్గర జాగ్రత్తగా ఉన్నవాళ్లు కూడా తిరుగు దారిలో ఒక్క కునుకుతో పోగలరు. ముందు రోజు సాయంత్రానికే రాజమండ్రిలోనో రంపచోడవరంలోనో భద్రాచలంలోనో పడుకుని, తెల్లవారాక కొండెక్కండి.

మొదటిసారి ఒంటరిగా వెళ్లేవాళ్లు నలుగురు తిరిగే జలపాతాన్నే ఎంచుకోండి. రంపచోడవరం పక్కనున్న రంప జలపాతం, మారేడుమిల్లి నుంచి చింతూరు వెళ్లే దారిలోని జలతరంగిణి, అమృతధార అలాంటివే. రోడ్డుకు దగ్గర, సెలవు రోజున మనుషులూ ఉంటారు. వాజేడు మండలంలో చీకుపల్లి వాగు మీద ఉన్న బొగత దాకా బండి వెళుతుంది. నడక వద్దు, చూస్తే చాలు అనుకునేవాళ్లకు ఎత్తిపోతల ఉంది. నాగార్జునసాగర్‌కు 11 కిలోమీటర్ల దూరంలో చంద్రవంక 70 అడుగుల నుంచి దూకుతుంటే ఎదుటి గట్టున నిలబడి చూడవచ్చు. అక్కడే మొసళ్ల పెంపక కేంద్రం ఉందన్న సంగతి గుర్తుంటే కిందికి దిగాలన్న ఆలోచన రాదు.

ములుగు జిల్లా వీరభద్రవరం అడవిలోని ముత్యాలధారకు మాత్రం ఒంటరిగా వెళ్లకండి. దాదాపు 700 అడుగుల నుంచి జారే ఆ ధార అందం గురించి నాకు అనుమానం లేదు. కానీ అడవిలో కిలోమీటర్ల నడక, మధ్యలో వాగు. ఆ వాగు ఏం చేసిందో తర్వాత చెబుతాను.

పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనం అయ్యాయి. అక్కడ పులి తిరుగుతుంది. అలాంటి చోట అటవీశాఖ తెరిచిన దారిలో, తెరిచిన వేళల్లో నడిచే హక్కే మనకుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం నేరం. చట్టం మాట పక్కన పెట్టినా, మీరు లోపలున్నారని ఎవరికీ తెలియనప్పుడు వెతకడానికి ఎవరూ రారు. చెక్‌పోస్టులో పేరు రాయించుకోవడం, టికెట్ తీసుకోవడం చిన్నతనం కాదు. సాయంత్రం మీ బండి ఇంకా అక్కడే ఉంటే ఎవరో ఒకరు గమనిస్తారు.

నెలల సంగతిలో నా మాట కచ్చితం. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఒంటరిగా వద్దు. జలపాతం నిండుగా ఉండేదీ, మనిషిని మింగేదీ ఆ రోజుల్లోనే. నవంబరు నుంచి జనవరి దాకా ధార ఇంకా ఉంటుంది, దారి ఆరి ఉంటుంది, చలి హాయిగా ఉంటుంది. అప్పుడు కూడా బంగాళాఖాతంలో అల్పపీడనం అని రేడియోలో వినిపిస్తే ఆ వారం మానుకోండి. గట్టి వాన పడ్డాక కనీసం రెండు రోజులు ఆగండి.

ఇంటి దగ్గర ఒక మనిషి

సంచి సర్దడానికి ముందే చేయవలసిన పని ఇది. ఇంట్లోనో స్నేహితుల్లోనో ఫోన్ ఎత్తే అలవాటున్న ఒక్కరిని ఎంచుకుని, వెళ్లే చోటూ తిరిగొచ్చే వేళా రాసి పంపండి. నోటితో చెబితే సగం గుర్తుండదు. ఇలా రాయవచ్చు:

‘బాబాయ్, రేపు ఆదివారం ఒక్కడినే అమృతధార చూడ్డానికి వెళుతున్నా. బండి మారేడుమిల్లి దాటాక దారి మొదట్లో పెడతా. ఎర్ర చొక్కా, నీలం సంచి. మధ్యాహ్నం రెండింటికల్లా వెనక్కి తిరుగుతా. సాయంత్రం ఐదింటికి రంపచోడవరం వచ్చి ఫోన్ చేస్తా. ఏడు దాటినా నా ఫోన్ రాకపోతే రేపటి దాకా ఆగకుండా 112కి చేసి ఈ మెసేజ్ చదివి వినిపించండి.’

బండి నంబరు కూడా చేర్చండి. చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. కొండల్లో సిగ్నల్ ఉండదని అందరికీ తెలుసు కాబట్టి, ఫోన్ కలవకపోతే ‘సిగ్నల్ లేదేమోలే’ అనుకుని తెల్లారే దాకా చూస్తారు. వెతకాల్సిన గంటలన్నీ అలాగే పోతాయి. ఏ గంటకు కంగారుపడాలో మీరే చెప్పి వెళితే వాళ్లకు మొహమాటం ఉండదు. మీరూ మాట నిలబెట్టుకోండి. అనుకున్న జలపాతం వదిలి దారిలో ఇంకెవరో చెప్పిన చోటికి వెళ్లాలనిపిస్తే, ముందు ఆ మనిషికి కబురు పంపండి. సిగ్నల్ లేకపోతే ఆ రెండో చోటు ఇంకోసారి చూద్దాం.

ఆడపిల్లలు వెళితే ఇంకో మాట. మారేడుమిల్లి వైపు ఊళ్లలో వన సంరక్షణ సమితులున్నాయి. దారి తెలిసిన స్థానిక కొండరెడ్ల కుటుంబాల వాళ్లు వెంట రాగలరేమో అక్కడి అటవీ కార్యాలయంలో అడగండి. మగవాళ్లు అడిగినా మంచిదే. రోజు కూలి ఇచ్చి దారి తెలిసిన అన్ననో అక్కనో వెంట పెట్టుకుంటే ఒంటరి నడక ఆనందం తగ్గదు, ఊరికి నాలుగు రూపాయలు మిగులుతాయి.

సంచిలో

విజిల్, టార్చి, వాన కోటు, రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పులిహోర పొట్లం, సాగే కట్టు గుడ్డ, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫోన్, పవర్ బ్యాంక్. ఫోన్ నంబర్లు కాగితం మీద కూడా రాసి జేబులో పెట్టుకోండి. దారి మ్యాపును ముందే ఫోన్‌లో దించుకోండి. కొండెక్కగానే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే సిగ్నల్ వెతుక్కుంటూ సగం బ్యాటరీ తాగేస్తుంది.

అడుగున గాడులున్న బూట్లు వేసుకోండి, చెప్పులతో వెళ్లకండి. దూరానికి కనిపించే రంగు చొక్కా మంచిది. ఖాకీ, ఆకుపచ్చ మచ్చల మిలటరీ బట్టలు ఈ అడవుల్లో వేసుకోకండి. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవులు మావోయిస్టులూ పోలీసులూ ఏళ్ల తరబడి తలపడిన చోట్లు. 2024 జూన్‌లో వాజేడు మండలం కొంగాల అడవిలోకి కట్టెల కోసం వెళ్లిన ఒకాయన మందుపాతర పేలి చనిపోయాడు. అందుకే అటు వెళ్లినప్పుడు నలిగిన కాలిబాట వదలకండి. అడ్డదారి అని ఎవరైనా వీడియోలో చూపించినా దిగకండి.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడవకండి. ఎలుగుబంటి కదిలిన చప్పుడూ, పైనుంచి వచ్చే నీటి హోరూ ముందు తెలిసేది చెవికే. మందు సీసా సంచిలోకి రానివ్వకండి.

నీటి దగ్గర

జలపాతం దగ్గర ప్రాణం తీసేది చాలాసార్లు కంటికి కనిపించని చోట పడిన వాన. ఈ సంగతి మన వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మన మైలవరం కొండల్లో పుట్టే బుడమేరు 2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లను ముంచేసింది. కట్టలేరు పొంగి వినగడప దారి తెగిపోవడం గంపలగూడెం వాళ్లకు అలవాటే. కొండల్లో ఇదే పని నిమిషాల్లో జరుగుతుంది. రాతి నేల నీటిని పీల్చుకోదు, వాలు ఎక్కువ, నాలుగైదు చిన్న పాయలు ఒకే గండిలోకి దిగుతాయి. మీ తల మీద ఎండ కాస్తూనే ఉంటుంది.

2024 సెప్టెంబరు 22న జలతరంగిణిలో జరిగింది ఇదే. ఏలూరు నుంచి 14 మంది వైద్య విద్యార్థులు వచ్చారు. స్నానం చేస్తుండగా ఎగువన కురిసిన వానకు ప్రవాహం ఒక్కసారిగా పెరిగింది. ఐదుగురు కొట్టుకుపోయారు, ఇద్దరిని కాపాడగలిగారు, ముగ్గురు పిల్లలు చనిపోయారు. రోడ్డు పక్క జలపాతం, చుట్టూ మనుషులు, పట్టుకోవడానికి చేతులు ఉన్నప్పటి లెక్క ఇది. అదే ఏడాది జూన్ 30న మహారాష్ట్రలో లోనావాలా భూషీ డ్యామ్ వెనుక ఒకే కుటుంబానికి చెందిన ఐదుగురు అలాగే పోయారు. నడి ప్రవాహంలో బండ మీద ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు, నీళ్లు ఆ గుంపును గుంపుగానే లాక్కెళ్లాయి. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో ఫొటోల కోసం రాళ్ల మీద నిలబడిన మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది పోయింది వానతో కూడా కాదు, పైన లార్జి ఆనకట్ట నుంచి వదిలిన నీళ్లతో. మూడు చోట్లా కాళ్ల కింది నీళ్లు అంతకుముందు దాకా దిగి నిలబడేలాగే ఉన్నాయి.

అందుకే ఒంటరిగా వెళ్లినవాళ్లు జలపాతంలో స్నానానికి దిగకండి. ఈత వచ్చినా సరే. ధార పడే మడుగులో నీళ్లు గాలితో కలిసి నురగలై ఉంటాయి, అందులో ఒళ్లు మామూలు నీళ్లలో తేలినట్టు తేలదు. అడుగున రాళ్లు ఎలా ఉన్నాయో పైకి తెలియదు. కొన్నేళ్ల కిందట తలకోనలో నీళ్లలోకి దూకిన ఒక విద్యార్థి రాళ్ల మధ్య ఇరుక్కుని చనిపోయాడు. స్నేహితుడు పక్కనే ఉండి వీడియో తీస్తున్నాడు. దూకడం అన్న మాటే వద్దు. మొహం కడుక్కోవాలనిపిస్తే ధారకు బాగా దిగువన, అంచున కూర్చుని కడుక్కోండి.

నీటి అంచుకు చేరగానే ఒక పని చేయండి. నీళ్లు సరిగ్గా ఎక్కడి దాకా తాకుతున్నాయో చూసి, ఆ గీత మీద గుప్పెడంత రాయి ఒకటి పెట్టండి, సగం తడిసేలా. పది నిమిషాలకోసారి దాన్ని చూడండి. రాయి చుట్టూ నీళ్లు చేరినా, పూర్తిగా తడిసినా, దాని మీదుగా ఎండుటాకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా లేచిపోండి. తేటగా ఉన్న నీళ్లు ఎర్రమట్టి రంగుకు తిరుగుతున్నా, హోరు ఉన్నట్టుండి లావెక్కినా అంతే. ఆ క్షణంలో సంచి, బూట్లు, టిఫిన్ డబ్బా ఏవీ సర్దకండి. వాగు వెంట కిందికి పరుగెత్తకండి. నీళ్లు అటే వస్తాయి. పక్కగా, గట్టు మీదికి ఎక్కండి.

బండల సంగతి. నల్లగా మెరిసే బండ కనిపిస్తే దాని మీద పాచి ఉన్నట్టే. ఆకుపచ్చ పాచి కంటికి ఆనుతుంది, ఈ నల్లది ఆనదు. ఎండి తెల్లబోయిన గరుకు రాయి మీదే అడుగు వేయండి. సెల్ఫీ కోసం వెనక్కి నడవకండి. జలపాతం నెత్తి మీదికి, అంటే నీళ్లు దూకే అంచు దగ్గరికి ఎంత చిన్న ధార అయినా వెళ్లకండి. కింద పడి లేచిన వాళ్లున్నారు గానీ పైనుంచి జారి లేచిన వాళ్లు అరుదు.

వాగు దాటవలసి వస్తే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇంకో గంటకు ఇది మోకాలు దాటితే నేను ఇటు ఎలా వస్తాను? జవాబు లేకపోతే దాటకండి. ముత్యాలధార కథ ఇదే. 2023 జూలై 26న దాదాపు 80 మంది పొద్దున వాగు దాటి వెళ్లారు, సాయంత్రం తిరిగి వచ్చేసరికి అది దాటనివ్వలేదు. ఆ రాత్రే ములుగు జిల్లా మీద ఆకాశం చిల్లుపడింది. మర్నాటి ఉదయానికి లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు నమోదై తెలంగాణలో కొత్త రికార్డయింది. అడవిలో చిక్కుకున్నవాళ్లు పోలీసులకు ఫోన్ చేయగలిగారు. ఎత్తైన చోటికి వెళ్లండి, వాగు దాటే సాహసం చేయకండి అని చెబితే ఆ మాట విన్నారు. విపత్తు దళాలు అర్ధరాత్రి అడవిలోకి వెళ్లి వాళ్లను బయటికి తెచ్చాయి.

వాళ్లను కాపాడింది ఆగడమే. కొండవాగు తొందరగా పొంగుతుంది, తొందరగానే తీస్తుంది. నాలుగు గంటలు ఆకలితో కూర్చున్నా, రాత్రంతా తడిసి వణికినా పొద్దున్నే ఇంటికి వస్తారు. చీకటి పడుతుందన్న భయంతో దాటబోయినవాళ్ల గురించి మనం పేపర్లో చదువుతాం. ఒంటరివాళ్లకు ఈ తొందర మరీ ఎక్కువగా పుడుతుంది, ఆగమని చెప్పేవాళ్లు లేరు కనుక. ఆ భయం పుట్టినప్పుడు ఏడింటికి మీ బాబాయ్ 112కి ఫోన్ చేస్తాడన్న సంగతి గుర్తు తెచ్చుకోండి.

దారి తప్పితే, పిడుగు పడితే

బయల్దేరేటప్పుడే వెనక్కి తిరిగే గంట పెట్టుకోండి. చలికాలం ఐదున్నరకే పొద్దు గుంకుతుంది, లోయలో ఇంకా ముందే మసకబారుతుంది. జలపాతం కనిపించినా కనిపించకపోయినా రెండింటికి వెనక్కి తిరగాలి.

తోవ తప్పిందని అనుమానం రాగానే ఆగండి. గుర్తున్న చివరి చోటికి వచ్చిన దారినే వెళ్లండి. అదీ తెలియకపోతే కదలకండి. ‘వాగు వెంట దిగితే ఊరు వస్తుంది’ అన్న పాత నమ్మకం మైదానంలో పనికొస్తుంది, ఈ కొండల్లో వాగు మిమ్మల్ని ఇంకో జలపాతం నెత్తి మీదికి తీసుకెళ్లవచ్చు. మూడుసార్లు విజిల్ ఊది, ఆగి, మళ్లీ మూడుసార్లు ఊదండి. అరిస్తే గొంతు పోతుంది, విజిల్‌కు అలుపు లేదు. మీ నెట్‌వర్క్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే 112కి కాల్ వెళుతుంది, కాబట్టి సిగ్నల్ గీతలు చూసి నిరాశపడకుండా, ఫ్లైట్ మోడ్ తీసి ప్రయత్నించండి.

ఉరుము వినిపిస్తే గుట్ట నెత్తి నుంచి, ఒంటి చెట్టు కింది నుంచి, నీటి నుంచి దూరం జరగండి. చివరి ఉరుము వినిపించాక అరగంట ఆగి నడవండి. పుణేలోని వాతావరణ సంస్థ తయారు చేసిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగుల గురించి ముందే చెబుతుంది. దానికి ఇంటర్నెట్ కావాలి గనుక కొండెక్కే ముందు ఊళ్లోనే చూసుకోండి.

పురుగూ పుట్రా

పెద్ద చెట్టు కొమ్మకో బండ అంచుకో వేలాడే తేనెపట్టు కనిపిస్తే పొగ పెట్టకండి, రాయి విసరకండి, గట్టిగా అరవకండి. నిశ్శబ్దంగా వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. సెంటు పూసుకుని అడవికి వెళ్లకండి.

ఆకులు పరుచుకున్న చోట కర్రతో తట్టుకుంటూ నడవండి. బండ సందుల్లో చెయ్యి పెట్టకండి. పాము కరిస్తే కోయకండి, నోటితో పీల్చకండి, తాడు బిగించి కట్టకండి, ఆకు పసరుతో కాలం పోగొట్టుకోకండి. ఉంగరం, వాచీ, మొలతాడు తీసేయండి, వాపు వస్తే బిగుసుకుంటాయి. కరిచిన గంట గుర్తుపెట్టుకోండి. పామును చంపి తేవాల్సిన పనిలేదు. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే. 108కి ఫోన్ కలిస్తే కదలకుండా కూర్చుని రప్పించుకోండి. కలవకపోతే మాత్రం పరుగెత్తకుండా, ఆగి ఆగి, రోడ్డు వైపు నడవండి.

వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా తాగకండి. పైన పశువులు తిరుగుతాయి.

కొండ దిగాక

మొదట బాబాయ్‌కి ఫోన్. రంపచోడవరం చేరి బండి స్టాండు వేయకముందే చేయాలి, లేకపోతే ఆయన ఏడింటికి 112కి చేసేస్తాడు.

ఇంటికి చేరాక బట్టలన్నీ విప్పి వేడినీళ్లతో ఉతికి, ఒళ్లు రుద్దుకుని స్నానం చేయండి. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని నల్లి పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. కుట్టిన చోట కాలినట్టు నల్లటి చెక్కు కడుతుంది, చంకల్లోనో గజ్జల్లోనో ఉంటుంది గనుక చాలామంది చూసుకోరు. రంపచోడవరం ఏజెన్సీలో మలేరియా ఉంది, అందులో మెదడుకు ఎక్కే ప్రమాదకరమైన రకమూ ఉంది. ఈ రెండూ వెంటనే బయటపడవు. వారం, పది రోజులు, ఒక్కోసారి మూడు వారాల తర్వాత జ్వరం వస్తుంది. అప్పటికి జలపాతం ఫొటోలు కూడా పాతబడి ఉంటాయి, జ్వరానికీ ఆ ప్రయాణానికీ ముడి ఉందని మనకు తట్టదు. మెడికల్ షాపులో బిళ్ల తెచ్చుకుని మింగుతూ కూర్చోకండి. రెడ్డిగూడెం ఆసుపత్రికి వెళ్లినా, తిరువూరు వెళ్లినా, ‘జ్వరం అండీ’ అన్న వెంటనే ‘ఫలానా తేదీన ఏజెన్సీ అడవికి వెళ్లి వచ్చాను’ అని డాక్టరు గారికి చెప్పండి. ఆ మాట వింటే ఏ రక్త పరీక్ష రాయాలో ఆయనకు తెలుస్తుంది, సకాలంలో పట్టుకుంటే రెండూ మందులతో తగ్గేవే.